నిప్పు దగ్గర ఒక రాత్రి

తెలుగు కతోలికులు ‘విచారణ’ అని పిలిచే వ్యవస్థ, అంటే ఒక గురువు ఆధ్యాత్మిక సంరక్షణలో, ఒక దేవాలయం చుట్టూ జీవించే విశ్వాసుల సముదాయం, తన ఖర్చులకు కావలసిన సొమ్మును ఆదివారపు కానుకల ద్వారా అడగగలిగినప్పుడు, ఏడాదికొకసారి వంటలు వండి, అంగళ్లు పెట్టి అమ్మకం సాగించడం ఎందుకన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా తేలికైనది కాదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రపు పశ్చిమ భాగంలో, గ్రేవ్స్ కౌంటీలోని ఫ్యాన్సీ ఫార్మ్ అనే చిన్న ఊరిలో పునీత జెరోము విచారణ 1880 నుంచి జరుపుకొంటున్న వేసవి సంత ఈ ప్రశ్నకు జవాబు వెదకదగిన చోటు.

అక్కడివారు పిక్నిక్ అని పిలిచే ఆ సంత ఇప్పుడు ఆగస్టు మొదటి శనివారం జరుగుతుంది. ఎన్నికల అభ్యర్థులు అక్కడి వేదికపై ప్రసంగించే ఆనవాయితీ వల్ల దాని పేరు పత్రికలకెక్కింది. 1982లో వడ్డించిన 15,000 పౌండ్ల, అంటే సుమారు 6,800 కిలోల, గొర్రె, పంది, కోడి మాంసం గిన్నిస్ పుస్తకానికీ ఎక్కింది. అయితే ఆ సంత ఆయువుపట్టు ప్రసంగాల్లోనూ రికార్డులోనూ లేదు, ముందురోజే మొదలయ్యే వంటలో ఉంది.

అక్కడ మటన్ అంటే లేత మాంసం కాదు, ముదురు గొర్రె మాంసం. పెద్ద మంట మీద త్వరగా వండితే నమలడానికి లొంగని ఆ మాంసం, అక్రోటు కుటుంబానికి చెందిన హికరీ కట్టెల నిప్పుల మీద, నిదానమైన సెగకు గంటల తరబడి మగ్గితేనే ఎముకను విడుస్తుంది. నిప్పు చల్లారకూడదు, మంటై లేవకూడదు. కొవ్వు కారి భగ్గుమన్న చోట వెంటనే అణచాలి, సెగ తగ్గిన చోట పారతో కొత్త నిప్పులు పరవాలి. తెల్లవారుజామున పొగకు కళ్లు ఎర్రబడి, చొక్కాకు హికరీ వాసన పట్టి, పారను పక్కవాడి చేతికిచ్చి కాసేపు కూలబడే మనిషికి కూలి లేదు. మాంసపు గట్టిదనమే అంతమందిని రాత్రంతా ఒకచోట నిలబెడుతున్నదనడం అతిశయోక్తి కాదు; ఇట్టే ఉడికే పదార్థాన్ని ఎంచుకొని ఉంటే విచారణకు సొమ్ము దక్కేదేమో గాని, ఆ రాత్రి దక్కేది కాదు.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్, దానంపై 1925లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసంలో, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలు మనుషులను ఒకరితో ఒకరిని ముడివేస్తాయని నిరూపించబూనాడు. కానుక పెట్టెలో పడిన నోటు ఎవరిదో తెలియదు, సువార్త కోరే గుప్తదానానికి అది తగినదే. కాని అందులో ఇచ్చినవాడు ఇచ్చినవాడుగానే మిగిలిపోతాడు. శ్రమ సంగతి వేరు. బరువైన పళ్లెం రెండో కొసను మరొకరు పట్టుకుంటేనే లేస్తుంది గనుక, శ్రమను ఇచ్చేవాడు అదే క్షణంలో పక్కవాడి సాయాన్ని పుచ్చుకొనేవాడూ అవుతాడు. అమ్మకపు ధరను కూడా ఈ దృష్టితోనే చూడాలి: ఉచితంగా పెడితే తినేవాడి మీద కృతజ్ఞతాభారం, పెట్టేవాడి మనసులో దాతననే గర్వం చేరే ప్రమాదం ఉంది, కొద్దిపాటి ధర ఆ రెంటినీ తొలగించి ఇరువురినీ సమానులుగా నిలబెడుతుంది. వ్యాపారం రూపంలో దానం ఇంత సున్నితంగా దాగడం అరుదు.

చేతులు తగ్గి, ఉన్నవి ముసలివైన ఏ విచారణకైనా వంటను గుత్తకిచ్చే ఆలోచన రావడం సహజం, లెక్కల పుస్తకంలో అందువల్ల తేడా ఏమీ కనిపించకపోవచ్చు కూడా. కాని నిప్పు రంగును బట్టి సెగను అంచనా కట్టే చూపు, మాంసం ఎముకను ఎప్పుడు విడుస్తుందో చెప్పే వేలికొస తెలివి కాగితం మీద రాసి అందించగలిగినవి కావు; వాటిని నేర్వవలసిన కుర్రవాడు ఆ ఒక్క రాత్రి పెద్దవాడి పక్కన మేలుకొని, అతడు అలసి చేయి చాచినప్పుడు పారను అందుకోవలసిందే.