ఇటుకలు కోసిన చేతులు

(నిర్గమకాండము 31:1–6, 35:25–35 చదువుకొనుడి)



దేవుని ఆత్మతో నింపబడినవారు ఎవరని అడిగిన, మనకు వెంటనే ప్రవక్తలును అపొస్తలులును జ్ఞాపకమునకు వచ్చెదరు. అయితే పరిశుద్ధ గ్రంథములో ఆ మాట పేరుపెట్టి మొదట ఎవరినిగూర్చి చెప్పబడినది? బెసలేలు అను ఒక పనివానినిగూర్చి. బంగారము, వెండి, ఇత్తడి పనిచేయుటకును, రత్నములు చెక్కుటకును, కఱ్ఱను కోసి నగిషీ చేయుటకును దేవుడు అతనిని తన ఆత్మతో నింపెను. ఈ అధ్యాయములను మనము ఎక్కువగా మందిరము కట్టుటకు చందాలు ఎత్తునప్పుడే తెరచుచున్నాము. వాటిలో అంతకంటె గొప్ప సంగతి యున్నది.

ఈ మనుష్యులు నిన్నటివరకు ఎవరు? ఐగుప్తులో వెట్టివారు. మట్టి త్రొక్కి, ఇటుకలు కోసి, ఫరోకు పీతోము, రామెసేసు అను పట్టణములు కట్టినవారు. గడ్డి ఇయ్యకపోయినను లెక్క తగ్గరాదని దెబ్బలు తిన్నవారు. ఇటుక పనిలో ఒకడు కోసినది మరియొకడు కోసినదానివలెనే యుండవలెను; పనివానికి సొంత ఊహ అక్కరలేదు, పేరు అక్కరలేదు. అట్టి జనమును దేవుడు అరణ్యములోనికి తెచ్చి, వారి చేతికి నీలి దారమును, ఎఱ్ఱ దారమును, ఉలిని ఇచ్చెను. స్త్రీలు తమ చేతులతో వడికి తెచ్చిరి. బెసలేలుకును అహోలీయాబుకును పని తెలివి మాత్రమే గాక, ఇతరులకు నేర్పు మనస్సునుకూడ ప్రభువు పుట్టించెనని 35వ అధ్యాయము చెప్పుచున్నది. నేర్పు మనస్సు లేని కళ సగము వరమే.

“ముందు కడుపునకు అన్నము కావలెను గాని, పాటలు బొమ్మలు ఎందుకయ్యా?” అని మన పెద్దలలో కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మన్నా కురిసినది 16వ అధ్యాయములో, ఉలి పట్టించినది 31వ అధ్యాయములో. అన్నమే ముందు. కాని దేవుడు మన్నాతో ఆగిపోలేదు గదా! మనము మాత్రము బీదవారియొద్దకు బియ్యము, దుప్పట్లు మోసికొనిపోయి, అంతటితో మన పని తీరినదని తిరిగి వచ్చుచున్నాము.

ఆ ఇశ్రాయేలు సంతతిలోనే మన కాలమునకు దగ్గరగా ఒక స్త్రీ యుండెను. ఆమె పేరు ఫ్రీడల్ డికర్ బ్రాండైస్. 1898లో వియన్నాలో పుట్టి, చిత్రలేఖనము నేర్చినది. 1942 డిసెంబరులో హిట్లరు ప్రభుత్వమువారు ఆమెను చెక్ దేశములోని తెరెజీన్ అను నిర్బంధ పట్టణమునకు పంపిరి. వెంట తీసికొనిపోవుటకు సెలవిచ్చిన కొద్ది సామానులో ఆమె బొమ్మలు గీయు సామగ్రి పెట్టుకొనెను. అచ్చట పిల్లలకు చదువు చెప్పుట నిషేధము. బొమ్మలు గీయించుట మాత్రము సాగనిచ్చిరి. తల్లిదండ్రులకు దూరమై, ఆకలితో, ఇరుకు గదులలో నున్న బిడ్డలచేతికి ఆమె పెన్సిలు ఇచ్చెను. కాగితము దొరకనప్పుడు వాడి పారవేసిన కాగితముల మీదనే గీయించెను. వారు తమ ఇండ్లను, పూలను, సీతాకోకచిలుకలను గీసిరి. తాము పండుకొను అంతస్తుల మంచములనుకూడ గీసిరి. బొమ్మలమీద తమ పేర్లు వ్రాసికొనిరి. మనుష్యులను లెక్కలుగా చేసి బండ్లకెక్కించుచున్న చోట, బిడ్డ తన పేరు తాను వ్రాసికొనుట చిన్న సంగతి కాదు.

1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపిరి. ఆ పిల్లలలో అధిక భాగము అట్లే హతులైరి. వెళ్లకముందు ఆమె రెండు పెట్టెలలో సుమారు 4,500 బొమ్మలు దాచిపెట్టెను. అవి నేడు ప్రాగ్ నగరములోని యూదుల మ్యూజియములో నున్నవి. బొమ్మలు ఆ బిడ్డలను కాపాడలేదు. ఆ మాట దాచి, కళ అన్నిటిని నయము చేయునని చెప్పుట అబద్ధమగును. అయినను వారు బ్రదికిన దినములలో ఒకరు వారిని బిడ్డలుగా చూచిరి. ఫరో లెక్కలో ఇటుకలుగా చూడలేదు.

ఆమె వారియెదుట తన విద్య ప్రదర్శించుటకు కూర్చుండలేదని గమనించుడి. మన సంఘములు కుష్ఠురోగుల కాలనీకో, వృద్ధాశ్రమమునకో క్రిస్మసుకు వెళ్లినప్పుడు ఏమి జరుగుచున్నది? మనమే పాడుదుము, మనమే నాటకమాడుదుము. వారు వరుసగా కూర్చుండి చప్పట్లు కొట్టవలెను. వారి నోట ఏ పాట యున్నదో అడిగినవారెవరు?

ఇంకొక మాట మొగమాటము లేక చెప్పవలసియున్నది. మన పల్లెలలో డప్పు యున్నది. ఊరి పెద్దల జాతరలకు, చావులకు మన తాతలచేత దానిని వెట్టిగా వాయించుకొన్నారు. అందుచేత మన యువకులు దానిని ముట్టుటకు సిగ్గుపడుదురు. కొన్ని సంఘములలో దానిని మందిరపు గుమ్మము దాటనియ్యరు. ఆ గాయము నిజమైనది. దానిని తేలికగా త్రోసివేయకూడదు. అయితే ఎఱ్ఱసముద్రము దాటగానే మిర్యాము చేత పట్టినదేమి? మన బైబిలులో తంబుర అని యున్నది గాని అది తీగెల వాద్యము కాదు. చట్రమునకు చర్మము బిగించి చేతితో కొట్టునది. డప్పుకు దగ్గర చుట్టము. వెట్టి విడిచిన ప్రజల మొదటి ఆరాధనలో అది మ్రోగెను. తప్పు వెట్టిది, చర్మముది కాదు. బలవంతముగా ఎవరిచేతను వాయింపకూడదు, వాయింపగోరువానిని ఆపనుకూడదు.

రాబోవు క్రిస్మసు కోలాటమునకు అభ్యాసములు మొదలుపెట్టునప్పుడు, హాస్టలు పిల్లలను, చూపులేనివారిని, ఒంటరి విధవరాండ్రను ముందుగా పిలువుడి. నడవలేని అవ్వ తాళము వేయగలదు. పాటకు వరుస కట్టగలవారు కూలికి వెళ్లు తల్లులలోనే యున్నారు. నాట్లలో వారి పాట వినని మనమెవరము? వారు పొలమునుండి వచ్చి, వంట ముగించుకొనిన తరువాతనే అభ్యాసము పెట్టుకొనుడి. దీపము, చాప సంఘము చూచుకొనవలెను.