తుప్పు వేరు, అరుగుడు వేరు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటో నిన్న రాత్రే చూశాను. మీ అత్త కూడా చూసింది. "కొత్త బండిని బావిలో ముంచి తీసిండా ఏంది?" అంది. నవ్వుకున్నాం గానీ, ఆమె మాటలో విషయం ఉంది.

పాశమైలారంలో సెకండ్ షిఫ్టు దిగొచ్చి, ఇస్నాపూర్ గదిలో టేబుల్ లైటు కింద కూర్చుని, నాలుగు నెలలు ఓపిక పట్టి 1932 ఫోర్డు ప్లాస్టిక్ బొమ్మను 1/25 సైజులో కట్టావు. అచ్చు గీతలు మిగలకుండా ఎమరీ పట్టావు. తలుపుల సందులు రెండువైపులా సమానంగా వచ్చాయి. ముప్పై ఏళ్లు పెయింట్ షాపులో చేసినవాణ్ణి, నా కంటికి ఏ పనీ ఓ పట్టాన ఆనదు. నీది ఆనింది. అంత చేసి, చివర్లో ఒక్క ఆదివారం కూర్చుని టాపు నుంచి చక్రాల దాకా ఒకే రంగు తుప్పు పూసేశావు. నాలుగు మాటలు చెప్పాలనిపించింది అక్కడే. కోపం కాదు బిడ్డా, నీ పని మీద ముచ్చటే చెప్పిస్తోంది.

ముందు ఆ బండి ఎవరిదో గుర్తు చేసుకో. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడు కొనగలిగే కారులో వీ8 ఇంజన్ పెట్టింది. 221 ఘనపుటంగుళాలు, 65 హార్స్‌పవర్. కొన్నేళ్లు గడిచేసరికి అవే పాత బండ్లయి చవగ్గా దొరికాయి. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటిని కొని, మడ్‌గార్డులు పీకేసి, టాపు కోసి కిందికి దించి, ఇంజన్‌కు అదనపు కార్బురేటర్లు తగిలించి, నీళ్లింకిన సరస్సుల మైదానాల్లో పందేలు వేసుకున్నారు. అలా మార్చుకున్న బండినే హాట్ రాడ్ అంటారు. 1948 జనవరిలో వాళ్ల కోసం 'హాట్ రాడ్' అనే పత్రికే పుట్టింది. ఉన్నవాడి షోకు కాదది, పనోడి సరదా. మన దగ్గర దానికి చుట్టం కావాలంటే హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ గారి సుధా కార్స్ మ్యూజియం ఉంది, 2010లో తెరిచారు. తుక్కు ఇనుముతో ఆయన కెమెరా, బర్గర్, ఆడవాళ్ల చెప్పు ఆకారాల్లో కట్టిన బండ్లు నిజంగానే నడుస్తాయి. వీలున్నప్పుడు చూసి రా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, హాట్ రాడ్ చచ్చిన బండి కాదు. తుక్కు కుప్పలోంచి ఎవరో లేపి తెచ్చుకున్న బండి. పొద్దున్నే ఒకడు దాని ఆయిల్ చూస్తాడు. సాయంత్రం ఒకడు దాన్ని తోలుకుని పోతాడు. నువ్వు పూసిన తుప్పులో ఆ మనిషి లేడు. బండి ఉంది, బండివాడు మాయమయ్యాడు.

తుప్పు వేరు, అరుగుడు వేరు. నీళ్లు నిలిచే చోట, చెయ్యి అందని చోట తుప్పు పడుతుంది. చెయ్యి రోజూ పడే చోట ఇనుము అరుగుతుంది, మెరుస్తుంది. రేపు డ్యూటీకి పోతూ మీ కంపెనీ గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగు. కింది అంచు, వాన చింది పడే జానెడు మేర, బొబ్బలెక్కి పెచ్చులూడి ఉంటుంది. గొళ్లెం మాత్రం వెండిలా తళతళలాడుతుంది. ఒకటే గేటు, ఒకటే ఎండ, ఒకటే వాన. వాచ్‌మన్ చెయ్యి ఎక్కడ పడుతుందో గేటే చెబుతుంది.

అక్కణ్ణుంచి సర్వీసు రోడ్డు మీదికి రా. యాసిడ్ ట్యాంకర్లు వరసగా ఆగి ఉంటాయి. ఒకదాని పక్కన నిలబడి పైనుంచి కిందికి చదువు. మూత దగ్గర ఒలికిన చోట చార మొదలవుతుంది. పైన ముదురుగా ఉండి, పొట్ట మీదుగా జారేకొద్దీ పలచబడుతుంది. ఆగిన బండి మీద నిలువుగా దిగుతుంది, పరుగులో ఉన్న బండి మీద గాలికి వెనక్కి వాలుతుంది. ఇక నిచ్చెన చూడు. మెట్టు నడుమ రంగు ఉండదు, రెండు చివర్లా ఉంటుంది. డ్రైవరు కాలు ఎక్కడ పెడతాడో అక్కడే రంగు పోయింది. నువ్వు వేసే ప్రతి మరకనూ ఇలా అడుగు: నువ్వెందుకు పడ్డావు, ఎక్కణ్ణుంచి కారావు? జవాబు రాని మరక వేయొద్దు.

ఈ చదువుకు మన ఫ్యాక్టరీల బెల్టును మించిన బడి లేదు. ఇనుముకు నీరూ గాలీ తగిలితే చాలు, తుప్పు పడుతుంది. దానికి యాసిడ్ ఆవిరో ఉప్పదనమో తోడైతే ఇంకా తొందరగా తింటుంది. బొల్లారం, పటాన్‌చెరు గాలి పీల్చిన రేకుకు ఆ సంగతి బాగా తెలుసు. కంపెనీల వ్యర్థాలతో పాడైన నక్కవాగు గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. మనకు ఇది గర్వపడే సంగతి కాదు. కానీ నీ కళ్ల ముందున్న రేకు అబద్ధమాడదు కాబట్టి దాన్నే గురువు చేసుకో.

ఇక పనిలోకి వద్దాం. నీ బండికి ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ అసలు కొలత 106 అంగుళాలు. నీ చేతిలో అది నాలుగుంపావు అంగుళాలు. బండి ఎంత చిన్నదైతే మరకా అంత చిన్నదవ్వాలి, మందమూ తగ్గాలి. మా షాపులో మైక్రాన్ల లెక్కన పెయింట్ మందం కొలిచేవాళ్లం. మామూలు కారు మీద అన్ని కోట్లూ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లుంటాయి. దాన్ని 25తో భాగించు, నాలుగు నుంచి ఆరు మైక్రాన్లు. తలవెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచన. అందుకే నువ్వు బ్రష్‌తో ముద్దగా పెట్టిన పెచ్చు, పెచ్చులా కాక పుండు మీది చెక్కులా కనబడుతోంది. ప్యాకింగ్ స్పాంజి ముక్క ఒకటి చింపుకో. రంగు అద్ది, కాగితం మీద ఒత్తి ఒత్తి దాదాపు అంతా పోగొట్టు. మిగిలిన ఆ కాస్త రంగుతో అంచుల మీద తాకీ తాకనట్టు తాకించు. అది చాలు.

నువ్వు పూసిన తుప్పును గీకేయాలేమోనని బెంగ పెట్టుకోకు. అందులో తప్పేం లేదు, మొదటి మెట్టు మీదే ఆగిపోయావు, అంతే. అసలు పద్ధతిలో తుప్పు అడుగున ఉంటుంది, రంగు పైన ఉంటుంది. కాబట్టి అడుగు పని సగం చేసేశావన్నమాట. ఆ తుప్పు రంగులోనే అక్కడక్కడా తేడా తీసుకురా. పాత తుప్పు నలుపు కలిసిన గోధుమ రంగు, కొత్త తుప్పు నారింజ. నారింజ కొంచెమే వెయ్యి, అదీ అంచుల్లో. ఆరాక క్లియర్ కోటు కొట్టి పూర్తిగా ఆరనివ్వు. దాని మీద హెయిర్ స్ప్రే రెండు పలచటి కోట్లు. అది ఆరాక బండి అసలు రంగు, నీకు నచ్చిన నీలమో నలుపో, నీళ్లతో కలిపే ఆక్రిలిక్‌లో పలచగా కొట్టు. ఎనామిల్ వద్దు, దానిగుండా నీళ్లు దిగవు. అర్ధగంట లోపు గోరువెచ్చని నీళ్లతో తడిపి, గరుకు బ్రష్‌తో నెమ్మదిగా రుద్దు. కింద హెయిర్ స్ప్రే కరిగి, పైరంగు పెచ్చులుగా లేస్తుంది. కింద తుప్పు తొంగిచూస్తుంది. నిజం బండి మీద కూడా జరిగేది అదే కదా.

ఎక్కడ రుద్దాలి? తలుపు కింది అంచు, చుక్కల వెల్డింగు వరస, టాపు కోసి అతికిన కుట్టు. ఎక్కడ రుద్దకూడదు? బానెట్ నడుమ. ఇంజన్ దగ్గరైతే తుప్పు పేరే ఎత్తొద్దు. అక్కడ ఉండాల్సింది నూనె జిడ్డు, వేడికి కమిలిన గొట్టాలు. ఇంజన్‌ను ప్రాణంగా చూసుకునేవాడు బాడీ తుప్పును పట్టించుకోకపోవచ్చు. హాట్ రాడ్‌వాడి గుణమే అది.

చిన్న చిన్న సంగతులు కొన్ని ఒకేసారి చెప్పేస్తాను. క్రోమ్ ముక్కలు మరీ అద్దంలా ఉంటే బట్టల బ్లీచ్‌లో వెయ్యి, పూత దిగిపోతుంది. అద్దాలకు సూపర్ గ్లూ వాడకు, దాని ఆవిరికి తెల్లగా పొగబడతాయి. వాష్, అంటే సందుల్లోకి పారే పలచటి రంగు, వేసే ముందు నిగనిగలాడే క్లియర్ కోటు ఉండాలి. లేదంటే రంగు సందుల్లోకి పారకుండా బాడీ అంతా మురికి పడుతుంది. ఆ వాష్ కూడా ముదురు గోధుమలోనే కలుపు. పచ్చి నలుపు పోస్తే సందులు గీత గీసినట్టు పొడుచుకొస్తాయి.

దుమ్ము అన్నిటికన్నా ఆఖరున. దీనికి కొనాల్సిందేమీ లేదు. 1972లో ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థను పటాన్‌చెరుకు తెచ్చిన కారణాల్లో ఒకటి, ఒకే చోట ఎర్రనేలా నల్లరేగడీ రెండూ దొరకడం. ఆ రెండూ మన కాళ్ల కిందే ఉన్నాయి. ఎర్రమట్టి పొడి దుమ్ముగా లేచి బండి నడుం దాకా అంటుతుంది. నల్లరేగడి తడిలో ముద్దలుగా టైరుకు పట్టుకుని, ఆరాక బూడిద రంగుకు తిరిగి పగుళ్లిస్తుంది. నీ బండి ఏ దారిన వచ్చిందో ముందు తేల్చుకుని, ఒక్క మట్టే ఎంచుకో. మీ అత్త పాత నూలు చీర పేలిక ఇస్తుంది, వస్త్రగాళితం పట్టు. ఎందుకంటే అర మిల్లీమీటరు ఇసుక రేణువు నీ బండి పక్కన అర అంగుళం కంకర ముక్కతో సమానం.

తొందరపాటు గురించి నాదొక సంగతి చెబుతాను. షాపులో మిగిలిన ఆటో పెయింట్, ఘాటు థిన్నర్ కలిపి నా మొదటి ప్లాస్టిక్ కిట్ మీద నేరుగా కొట్టాను. ఇనుము మీద మహా బాగా కూర్చునే పెయింటే అది. ప్లాస్టిక్ మీద పడగానే టాపు సన్నగా బీటలు తీసి, ఎండిన చెరువు అడుగులా అయిపోయింది. పాతికేళ్ల పనోణ్ణి, నాకు తెలియదా అనుకున్నాను. ఇనుము సంగతి తెలిసింది గానీ, ప్లాస్టిక్‌ను అడగలేదు. అందుకే ఏ రంగైనా ముందు కిట్‌లో మిగిలిన ఫ్రేమ్ ముక్క మీద కొట్టి ఒక రాత్రి ఆగు.

ఇంకో మాట, ఇది బతిమాలి చెబుతున్నా. నీ గదికి ఒకటే కిటికీ. స్ప్రే కొట్టేటప్పుడు మేడ మీదికి పో, మాస్క్ కట్టుకో. పెద్ద పెద్ద ఎగ్జాస్టులున్న పెయింట్ బూత్‌లలో పనిచేసి కూడా నాతోటివాళ్లు కొందరు దగ్గుతోనే రిటైరయ్యారు. బొమ్మ కోసం ఊపిరి పాడుచేసుకోవద్దు.

చివరగా ఒక చోద్యం విను. తుప్పు రాకుండా మేము ముప్పై ఏళ్లు ఇనుముకు పూసిన రెడ్ ఆక్సైడ్ ఉంది చూడు, దాని ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే. తుప్పుకు తోడబుట్టిందే. ఆ ఎరుపే అదుపు తప్పితే తింటుంది, మనిషి చేతి కింద ఉంటే కాస్తుంది. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో యుద్ధవాహనాలకు రంగు వేసేవాడైనా, నీలాగా బల్ల మీద బొమ్మ కట్టేవాడైనా అదుపు నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. నువ్వు మొదలుపెట్టి నాలుగు నెలలే అయింది.

ఈ ఉత్తరంతో పాటు నా పుట్టీ బ్లేడు పంపుతున్నాను. చెక్క పిడి చూడు. రంగు మరకలు చుట్టూరా పేరుకుపోయాయి గానీ, ఒక్క చోట నున్నగా గుంటపడి మెరుస్తోంది. నా బొటనవేలు ముప్పై ఏళ్లు ఆనిన చోటది. నీ బండి లోపల గేర్ రాడ్ గుండు ఉంది కదా, రంగంతా అయ్యాక ఆఖరి పనిగా దాన్ని ఆ గుంట అంత మెరిసేలా చెయ్యి. స్టీరింగుకు రెండు పక్కలా, పెడల్ నడుమా అంతే. అప్పుడు బండివాడు తిరిగొస్తాడు.

ఆదివారం పొద్దున ఎండెక్కక ముందే ముత్తంగిలో మా ఇంటికి రా. రంగులు తేవద్దు, బండి ఒక్కటి తీసుకురా. నాలుగు ట్యాంకర్లు చూసి, చాయ్ తాగి వద్దాం. పిడి మీద నీ బొటనవేలు పెట్టి చూసుకో, సరిపోతే బ్లేడు నీదే.

ఇట్లు,
మీ మామ