సంగ్రహణమును ప్రీతియును

సంగ్రహణము నిర్దోషమైన వినోదమని లోకమున వాడుక. త్రాగుట లేదు, జూదమాడుట లేదు, పరుల కపకారము చేయుట లేదు. పాతకాగితములు తెచ్చి పెట్టెలో దాచుకొనుచున్నాడు, పోనిండని యింటివారు సైతము క్షమింతురు. కాని దాచుకొను వస్తువేది, దానియందు వానికి గల ప్రీతి యెట్టిది యని విచారింపక యీ తీర్పు చెప్పరాదని నా యభిప్రాయము. ఇంగ్లండునందును అమెరికాయందును పందెపుగుఱ్ఱముల పాత శిలాముద్రిత చిత్రములను సేకరించువారు నేటికిని గలరు. వారి వ్యసనమునే యిచట పరిశీలింతము.

శిలాముద్రణమును 1796 ప్రాంతమున బవేరియాలో కనిపెట్టిన సెనెఫెల్డరు నాటకకర్త. తన నాటకములను చౌకగా నచ్చువేసికొను నుపాయమును వెదకుచు నాతడు సున్నపురాతిపై జిడ్డుసిరాతో వ్రాసి చూచెను. నీటికిని జిడ్డునకును పొత్తు కుదరదు గదా. తడిపిన రాతిపై సిరా పూసినచో నది జిడ్డువ్రాతకే యంటును. తడిచోటు దానిని విడిచిపెట్టును. 1894లో నెలకొన్న రవివర్మ ముద్రాలయము పటములు మన యిండ్ల గోడలకు వచ్చినదియు నీ రాతిమీదుగానే.

న్యూయార్కులో 1834లో కరియరు వ్యాపార మారంభించి, 1857లో ఐవ్సును భాగస్వామిగా జేర్చుకొనెను. 1907లో మూతపడులోపల నా సంస్థ యేడువేలకు మించిన చిత్రములను వెలువరించినది. బల్లచుట్టు స్త్రీలు కూర్చుండి, ఒకతె యెఱుపు, ఒకతె నీలము, ఒక్కొక్క రంగే పూసి ప్రక్కకు జరుపుచుండిరి. చిన్నపటము వెల 5 మొదలు 20 సెంట్లు. వానిలో గుఱ్ఱములకు గొప్ప గిరాకి యుండెను.

పందెము జూదమే కదా, జూదపుగుఱ్ఱమునకు గోడపై గౌరవమేల యని సంస్కారప్రియు లడుగుదురు. ఈ యాక్షేపము నాకంత బరువైనదిగా తోపదు. నలోపాఖ్యానమున బాహుకుడు ఋతుపర్ణునకు అశ్వహృదయము నొసగి అక్షహృదయమును గ్రహించెను. రెండును వేర్వేరు విద్యలు గనుకనే మారకమునకు వీలుచిక్కినది. పరుగెత్తిన జంతువు పందెము కాయలేదు.

బరువైన యాక్షేపము పటము క్రిందిపంక్తిలో నున్నది. గుఱ్ఱము పేరు, దాని తండ్రి పేరు, తల్లి పేరు, యజమాని పేరు, పరుగునకు పట్టిన నిమిషములు, సెకండ్లు తఱచుగా నచట ముద్రితములై యుండును. కళ్లెము పట్టి నిలిచిన నల్లవాని పేరుండుట యరుదు. 1865లో దాస్యము రద్దగువఱకు దక్షిణరాష్ట్రముల గుఱ్ఱపుశాలలలో బనిచేసినవారు పెక్కండ్రు బానిసలు. 1850లో కెంటకీలో బుట్టిన లెక్సింగ్టను మొదట డార్లే యను పేర పరుగెత్తెను. దానిని తీర్చిదిద్దిన హారీ లూయిసు దాస్యవిముక్తుడైన నల్లవాడు. పరుగెత్తించు హక్కును తానే గుత్తకు గొన్నను, నల్లవాని పేరట గుఱ్ఱమును దింపగూడదను కట్టుబాటుచే నది యజమాని వారుఫీల్డు పేరనే పరుగెత్తెను. 1853లో నన్యుల కమ్ముడుపోయెను. 1875లో చచ్చిన యా గుఱ్ఱపు టస్థిపంజరమును నేటికిని కెంటకీ ప్రదర్శనశాలలో జూడవచ్చును. ఆ 1875లోనే జరిగిన మొదటి కెంటకీ డెర్బీలో పదునైదుగురు రౌతులకు పదుమువ్వురు నల్లవారు. గెలిచిన గుఱ్ఱమును శిక్షించిన యాన్సెలు విలియంసను దాస్యమున బుట్టినవాడు.

అట్లయిన నీ పటములను తగులబెట్టవలెనా? వలదు. పేరు లేనివానికి ముఖమైన నచట మిగిలినది. దానినిగూడ చెఱిపినచో నన్యాయము రెట్టింపగును. ఇక సంగ్రాహకుని చూపెట్టిదని ప్రశ్న. అంచులు కత్తిరింపబడలేదా, రంగు వెలసిపోలేదా, ఇట్టివి లోకమున నెన్ని మిగిలినవి? ఆతడడుగు ప్రశ్నలు తఱచు నివియే. ఒక పరీక్ష చెప్పెదను. తాను ప్రాణముగా జూచుకొను చిత్రమునకు నూఱు ప్రతులు ఏ పాతయింటి యటకమీదనో బయల్పడిన వనుకొందము. చిత్రమును ప్రేమించువాడు నూఱుగోడల కది చేరునని సంతసించును; వెలను ప్రేమించువా డారాత్రి నిద్రపోడు. నేను బడిలో నేర్పు శ్లోకము నలువదిమంది కంఠస్థము చేసినంతమాత్రమున నాకు తఱుగునా? ఇరువది సెంట్ల పటమునకు నేటి వెల వచ్చుటకు రంగులుపూసిన స్త్రీల నేర్పెంత కారణమో, పరులయొద్ద నది లేకపోవుటయు నంత కారణము. పరుల లేమినుండి వచ్చు సుఖము నిర్దోషమని నేనొప్పుకొనను.

పటము నుంచుకొనువాడు దానిలోని మనుష్యుని వెదకవలెను. పాతపత్రికలను, గుఱ్ఱపుశాలల లెక్కలను, వీలునామాలను త్రిప్పినచో నొక్కొక్కచో పేరు దొరకును. దొరకినదానిని పటము వెనుక పెన్సిలుతో వ్రాసియుంచినచో, తరువాతి కొనుగోలుదారు దానిని చదువకపోడు. పేరు తెలియుటకు చిత్రకారునిచే నుపకారము జరిగిన సందర్భమును గలదు. ఎడ్వర్డు ట్రాయి 1830ల నడుమ వ్రాసిన యొక రంగులచిత్రమున రిచర్డు సింగిల్టను అను గుఱ్ఱమును, దాని చుట్టును మువ్వురు నల్లవారును గలరు. వైలీయొక్క హారీ, ఛార్లెసు, ల్యూ అని చిత్రము పేరులోనే వారి పేర్లున్నవి. యజమాని షష్ఠీవిభక్తిలో ముందు నిలిచియేయున్నాడు. అయినను మూడు పేర్లును దక్కినవి.