రెండో మనిషి బొమ్మ

డబ్బుకి కొదవలేనివాడు పాత బేస్‌బాల్ కార్డు కొనేటప్పుడు తనకేం కావాలో తనకి తాను చెప్పుకోనక్కర్లేదు. గొప్ప ఆటగాడు, అరుదైన కార్డు, నలగని మూలలు, అన్నీ ఒకేసారి కొనేస్తాడు. జేబులో 200 డాలర్లే ఉన్నవాడికి ఆ సుఖం లేదు. ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవచ్చో తెలియాలంటే, అసలు దేనికి డబ్బిస్తున్నాడో తెలియాలి.

1952లో టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ వేసిన సెట్టునే చూడండి. అందులో 311వ నంబరు మికీ మాంటిల్. మచ్చలేని కాపీ ఒకటి 2022లో 1 కోటీ 26 లక్షల డాలర్లకి అమ్ముడైంది. అది మాంటిల్ మొదటి కార్డు కాదు, అంతకు ముందు ఏడాదే బోమన్ కంపెనీ ఒకటి వేసింది. పోనీ సెట్టులో అన్నిటికన్నా అరుదైనదా అంటే, దాన్నీ పక్కనున్న 312 జాకీ రాబిన్సన్‌నీ చుట్టుపక్కల కార్డులకి రెట్టింపు అచ్చు వేశారు. కాబట్టి ఆ ధరలో ఎక్కువ భాగం కథకే.

మిగతా భాగం గ్రేడుకి. కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి 1 నుంచి 10 దాకా మార్కులేస్తారు. పిల్లలు మార్చుకోడానికి, రబ్బరు బాండేసి జేబులో కుక్కుకోడానికి, సైకిలు చక్రాల చువ్వలకి తగిలించి టపటపలాడించడానికి పుట్టిన వస్తువది. పది మార్కులొచ్చాయంటే ఏ పిల్లాడూ దాంతో ఆడుకోలేదని అర్థం. (ఒక్క బగ్గూ బయటపడని ప్రోగ్రాం అంటే ఎవరూ వాడనిదని మా వృత్తిలో ఒక జోకు.) ఈ మార్కుల మోజు ఎక్కడిదాకా పోయిందంటే, సిగరెట్ పెట్టెల్లో వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 8 గ్రేడుతో ఏళ్ల తరబడి వెలిగాక, దాని అంచులు తానే కత్తిరించానని ఒక డీలరు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు.

ఇదంతా అందని ద్రాక్ష పుల్లన అన్నట్టుంది కదా? పరీక్షించుకోడానికి ఒక దారుంది. కార్డు మీకు ఉచితంగా ఇస్తారు, కానీ ఎప్పటికీ అమ్మకూడదు, ఎవరికీ చూపించకూడదు అనుకోండి. అప్పుడూ రంగులు చెదరని బొమ్మే కావాలంటాను నేను. కానీ వెనక పెన్సిలు గీతలుంటే నాకేం నష్టం? గ్రేడు మాత్రం ఆ గీతలకి దారుణంగా పడిపోతుంది, దాంతోపాటు ధరా. బీదవాడికి అక్కడే సందు దొరుకుతుంది.

ఇక ఎవరి బొమ్మ? రాబిన్సన్ కార్డు ఎంత నలిగినా వేల డాలర్లే. అదే సెట్టులో లారీ డోబీ ఉన్నాడు, ఆ ధరలో చిన్న వంతుకే. నల్లవాళ్లని రానివ్వని మేజర్ లీగుల్లో 1947 ఏప్రిల్‌లో రాబిన్సన్ అడుగుపెట్టాడు. జూలైలో డోబీ. రాబిన్సన్‌కి ముందు ఏడాది మాంట్రియల్‌లో అలవాటుపడే వీలు దొరికింది. డోబీ నెగ్రో లీగులోని నూవర్క్ జట్టు నుంచి తిన్నగా క్లీవ్‌లాండ్ వచ్చిపడ్డాడు. సొంత జట్టులోనే కొందరు చెయ్యి కలపలేదు. మొదటివాడు తలుపు తీశాడంటాం, నిజమే. కానీ అది నేషనల్ లీగు తలుపు. అమెరికన్ లీగు తలుపు ఇంకా మూసే ఉంది, దాన్ని తోసింది డోబీ. 1948 వరల్డ్ సిరీస్‌లో ఆయన హోమ్‌రన్ కొట్టి గెలిపించిన రోజున, తెల్లవాడైన పిచర్ స్టీవ్ గ్రోమెక్, ఆయనా చెంపకి చెంప ఆనించి నవ్వుతున్న ఫోటో ఒకటుంది. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి రాబిన్సన్ 1962లో వెళ్లాడు. డోబీ 1998 దాకా ఆగాల్సొచ్చింది.

నాకు తేలనిది ఇక్కడే. డోబీ చవగ్గా దొరకడానికి కారణం లోకం ఆయన్ని మరిచిపోవడం. ఆ మరుపు అన్యాయమంటూనే అదిచ్చిన డిస్కౌంటు నేను జేబులో వేసుకోవచ్చా? ఎక్కువిచ్చినా ఆయనకేం చేరదు, 2003లోనే పోయాడు. చేరేది డీలరుకి. కానీ రేపు లోకం కళ్లు తెరిస్తే ధర పెరుగుతుంది, అప్పుడు అమ్ముకుందామని కొంటే మాత్రం, ఆయన కష్టం మీద నేనూ పందెం కాసినట్టే.

అందుకే, ముఖం స్పష్టంగా ఉండి వెనక జిగురు మరకలున్న డోబీ కోసం చూస్తాను. లాభానికి అమ్మడం కష్టం. ఎవరో పిల్లాడు ఆల్బంలో అంటించుకుని ఉంటాడు, రాబిన్సన్ పక్కనే కావచ్చు.