కంటిరెప్పమీది సాక్షి

కొందరికి కంటిరెప్పలమీద, ముక్కువైపు మూలను, పసుపుపచ్చని మెత్తని బిళ్లలు లేచును. అవి చర్మములో చేరిన కొలెస్టరాల్ అను కొవ్వు. నొప్పి యుండదు. విశాఖపట్టణపు సీతమ్మధారవంటి పేటలలో నేడు చర్మవైద్యులు వీటిని లేజరుతోనో, ఆమ్లముతోనో, కత్తితోనో తీసివేయుదురు. అందముకొరకు ఇట్లు తీయించుకొనుట తప్పా?

తప్పు కాదు. నలుగురిలో ముఖము దాచుకొనువానికి ఆ భారము తీర్చుట దయయే. అయితే ఆ మచ్చ చెప్పవచ్చిన మాట వినకయే దానిని చెరిపివేయుట ఎట్టిది?

డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ నగరములో 12,745 మందిని 1976 మొదలు 2009 వరకు పరిశీలించి, వైద్యులు 2011లో ఒక సంగతి ప్రకటించిరి. ఈ బిళ్లలు గలవారికి గుండెపోటు అపాయము ఇతరులకంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. రక్తములో కొవ్వు సరిగా నున్నను ఆ అపాయము పూర్తిగా తొలగదు. రెప్పను తాకిన లేజరు గుండెను తాకదు గదా!

గిన్నెకు వెలుపలనే శుద్ధిచేసినవారిని ప్రభువు గద్దించెను. కాబట్టి బిళ్ల తీయించుకొనువారు ముందుగా రక్తములోని కొవ్వును, రక్తపుపోటును, చక్కెరను పరీక్ష చేయించుకొనవలెను, చుట్ట మానవలెను. రుసుము పుచ్చుకొని ఈ మాట చెప్పని వైద్యుడును బాధ్యుడే. ముఖము మనదే గాని, మన ప్రాణముమీద ఆధారపడిన ఇల్లాలును బిడ్డలును ఉన్నారు. సాక్షిని పంపివేయుటకు ముందు సాక్ష్యము విందము.