గుండె బాగుపడిన పిమ్మట

నాచారం పారిశ్రామికవాడలో ముప్పది సంవత్సరములు పనిచేసిన ఒక గృహస్థుని ఊహింపవచ్చును. బైపాస్ శస్త్రచికిత్స జరిగి అతడు ఉప్పల్‌లోని తన ఇంటికి చేరినాడు. గాయము మానుచున్నది. నడక సాగుచున్నది. అయినను చిన్నమాటకే కోపము, కారణము తెలియని కన్నీరు, నిన్న విన్నది నేడు మరచుట. "ప్రాణం దక్కింది కదా, ఇంకేం కొరత?" అని బంధువులు అందురు. ఆ మాటలో ఒక ధర్మసందేహము దాగియున్నది. ఈ మార్పు అతని దోషమా?

కాదనియే వైద్యశాస్త్రము చెప్పుచున్నది. 1953లో అమెరికాలో డాక్టర్ జాన్ గిబ్బన్, గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని కొంతసేపు యంత్రమునకు అప్పగించి విజయవంతముగా గుండెకు శస్త్రచికిత్స చేసినాడు. నాటినుండి ఈ విద్య ఎందరి ప్రాణములనో నిలిపినది. 2001లో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన ఫలితములలో, బైపాస్ జరిగినవారిలో ఆసుపత్రి విడుచునాటికి నూటికి 53 మందికి, ఆరు నెలలకు 24 మందికి, ఐదేండ్లకు 42 మందికి జ్ఞాపకము, ఏకాగ్రత మొదలగు శక్తులు తగ్గినట్లు తేలినది. అయితే శస్త్రచికిత్స లేని హృద్రోగులలోను కాలక్రమమున అట్టి క్షీణత కలుగుట తరువాతి పరిశీలనలలో కనబడినది. కావున నింద అంతయు చికిత్సపై మోపరాదు. రక్తనాళముల వ్యాధియు మెదడును బాధించును. తొలి దినములలో వృద్ధులకు కలుగు భ్రాంతి తరచుగా కొలది దినములలో తొలగును. విషాదము మాత్రము విడువక నిలిచినచో గుండెకే మరల హాని.

దోషము లేదన్నంతమాత్రమున ధర్మము తీరదు. మనసులోని దిగులును పౌరుషమునకై దాచక వైద్యునికి చెప్పుట రోగి ధర్మము. దెప్పిపొడువకుండుట ఇంటివారి ధర్మము. మందుల వేళలు వ్రాసిపెట్టవలెను. ఇంటి లెక్కల పుస్తకమును అతని చేతినుండి లాగికొనరాదు. అతడు వ్రాయగా మరియొకరు మెల్లగా సరిచూడవలెను.

కాయకమును పూజగా ఎంచు ఇండ్లలో ఈ వేదన మరింత లోతైనది. చేయి ఆగినంతనే తన విలువ పోయినదని అతడు తలచును. బసవేశ్వరుడు కాయకమునకు గౌరవమిచ్చినది మనిషిని నిలబెట్టుటకే గాని, చేయలేనివానిని చిన్నబుచ్చుటకు కాదు. కాయకము ప్రక్కనే దాసోహము ఉన్నది. అతడు చేయలేని కాలమున అతనికి చేయుట తక్కినవారి వంతు. అతడు ఒకే ప్రశ్న మూడవమారు అడిగినప్పుడు, మొదటిమారు అడిగినట్లే జవాబు చెప్పుట ఆ దాసోహమునకు ఆరంభము.