మాండవ్యుడు – నల్లమల సాలెపురుగు

మహాభారతమున ఆదిపర్వములో అణిమాండవ్యుని కథ కలదు. ఆ మహర్షి మౌనవ్రతమున నుండగా దొంగలు తాము అపహరించిన సొత్తును ఆయన ఆశ్రమములో దాచిరి. రాజభటులు ఆయనను కూడ దొంగగా నెంచి కొనిపోయిరి. రాజు శూలారోపణము విధించెను. తపోబలమున ప్రాణములు నిలుపుకొన్న ఆ ముని, పిదప ధర్మదేవతను దర్శించి, తాను చేసిన ఏ పాపమునకు ఇది ఫలమో చెప్పుమని అడిగెను. బాల్యమున పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చిన పాపమే ఇట్లు పండినదని ధర్ముడు చెప్పెను. తెలియని వయస్సున జరిగిన స్వల్పాపరాధమునకు ఇంతటి శిక్షయా యని ముని ఆగ్రహించి, ధర్ముని మనుష్యజన్మ మెత్తుమని శపించెను. ఆ జన్మయే విదురుడు. పదునాలుగేండ్లలోపు బాలుడు చేసిన పనికి పాపము అంటదన్న కట్టుబాటును కూడ ఆ మునియే ఏర్పరచెను.

ఈ కథను సాధారణముగా విదురుని పుట్టుకను తెలుపుటకే చెప్పుదురు. పురుగుల సంగతి వెనుకబడిపోవును. కాని ఆ వాదమును కొంచెము నిదానించి చూచినచో ఒక విశేషము కనబడును. మాండవ్యుడు అపరాధము చిన్నదనెను గాని, అపరాధమే కాదనలేదు. పురుగు ప్రాణమునకు లెక్క యున్నదన్న విషయమున మునికిని ధర్మునికిని భేదము లేదు. భేదమంతయు తెలిసి చేయుటకును తెలియక చేయుటకును నడుమ ఉన్న దూరమును గురించినదే. తెలియనివానికి క్షమ కలదు. తెలిసినవాని మాట ఏమి?

ఈ ప్రశ్నకు నల్లమల కొండలలో నేడు ఒక ప్రత్యక్షోదాహరణము కలదు.

1899లో రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అను బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు ఒక పెద్ద సాలెపురుగును వర్ణించి, దానికి పీసిలోథీరియా మెటాలికా అని నామకరణము చేసెను. అది దొరికిన చోటు అనంతపురము సీమలోని గుత్తి రైల్వే కలప అడితి. గుత్తి చుట్టుపట్ల దాని జాతి మరల కనబడలేదు. ఆ తరువాత నూటరెండు సంవత్సరములు శాస్త్రగ్రంథములలో దాని జాడ లేదు. 2001లో పరిశోధకులు నంద్యాలకును గిద్దలూరునకును నడుమనున్న అడవిలో దానిని తిరిగి కనుగొనిరి. నరికిన దుంగలతోపాటు అది రైలెక్కి గుత్తి చేరియుండునని అప్పుడు ఊహించిరి. గ్రంథములకు అది కనుమరుగైనదే కాని, అడవిని విడిచి ఎక్కడికిని పోలేదు. తాను నివసించిన చెట్టు నేలకూలుట వలననే ఆ ప్రాణి మొదట లోకమునకు తెలిసినది. ఈ మాట జ్ఞాపకముంచుకొనదగినది.

దాని దేహము నీలివర్ణము. కాళ్ళపై పసుపుపచ్చని మచ్చలు, మేనిపై తెల్లని చారలు ఉండును. కాళ్ళు చాచినచో జేనెడు పొడవునకు దగ్గరగా వచ్చును. ఆ నీలిమ రంగుద్రవ్యము వలన కలిగినది కాదు. మేనిమీది రోమముల అతిసూక్ష్మ నిర్మాణముపై వెలుగు పడి చెదరుట వలన అట్లు కనబడును. అది ఎందుకొరకన్న విషయమున శాస్త్రజ్ఞులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. పగలంతయు పెద్దచెట్ల తొర్రలలో దాగియుండి, రాత్రివేళ తొర్రవాకిటికి వచ్చి ఎగురు పురుగులను పట్టుకొనును. ఆడుది పది పన్నెండేండ్లు బ్రతుకును. మగదాని ఆయువు మూడు నాలుగేండ్లే. దీని కాటు మిక్కిలి బాధాకరమే గాని, దానివలన మనుష్యులు మరణించినట్లు ఆధారము లేదు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2008లో దీనిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న ప్రాణుల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక తరువాతి మెట్టు అడవులనుండి పూర్తిగా అంతరించుటయే. నూరు చదరపు కిలోమీటర్లకంటె తక్కువ వైశాల్యముగల, అదియును చెడిపోయిన అడవిలోనే ఇది కనబడినదని నాటి పరిశీలన తెలిపినది. కలపకు, వంటచెరకునకు చెట్లు నరుకుట మొదటి కారణము. విదేశములలో వేడుకకు పెంచుకొనువారి కొరకు పట్టుకొనిపోవుట రెండవది.

విషముగల పురుగు పోయిన పోనిమ్ము, దానివలన ఎవరికేమి ప్రయోజనమని అడుగువారు ఉందురు. అది పురుగులను తినును కావున అడవికి మేలు చేయునని బదులు చెప్పవచ్చును. ఆ మాట నిజమే. అయినను ప్రయోజనము చూపి ప్రాణమును కాపాడుమనుట బేరగాని మాట. ప్రయోజనము తీరిన నాడు ఆ బేరము చెడును. శ్రీమద్భాగవతమున ఏకాదశస్కంధములో అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పెను. వారిలో మిడుత, తేనెటీగ, సాలెపురుగు, కందిరీగ యను నలుగురు వెన్నెముక లేని ప్రాణులు. వరుసలో చివరివారు సాలెపురుగును కందిరీగయును. తననుండియే దారము తీసి, అందు విహరించి, మరల దానిని తనలోనికి గ్రహించు సాలెపురుగును చూచి అవధూత సృష్టిస్థితిలయముల మర్మము గ్రహించెను. ఆయన దానిని ఇంటికి తెచ్చుకొనలేదు, దానివలన పని చేయించుకొనలేదు. ఉన్నచోట ఉండనిచ్చి చూచెను. (నల్లమల సాలెపురుగు చక్రమువలె గూడు అల్లదు, తొర్రవాకిట గరాటువంటి పట్టుగూడు మాత్రమే కట్టును. గురుత్వమునకు అది లోపము కాదు.)

ఆ అడవులు అహోబిలమున్న నల్లమల శ్రేణిలోనివే. నవనారసింహ క్షేత్రములను దర్శింప బోవు యాత్రికునకు అక్కడ ఉగ్రస్తంభమును చూపుదురు. శ్రీహరి ఎక్కడ లేడని ప్రహ్లాదుడు తండ్రికి బదులు చెప్పిన కథను తలచుకొని భక్తుడు ఆ కొండకు చేతులు మోడ్చును. కంబమునందున్నవాడు చెట్టు తొర్రలో లేడనుటకు ఆ భక్తునకు వీలులేదు. అయినను స్తంభమునకు మ్రొక్కిన చేతులే దిగివచ్చు త్రోవలో కనబడిన పురుగును రాతితో నలుపుటయు కలదు. భయము అట్టిది. భయపడుట పాపము కాదు. ప్రక్కకు తొలగి పోవుటకు త్రోవ ఉండగా చంపుటయే విచారింపవలసిన విషయము.

ఇచట ఒక చిక్కు కలదు. కట్టెలమోపు నెత్తిన పెట్టుకొని అడవి దిగివచ్చు పేదరాలిని చూపి, ఈమెయే సాలెపురుగునకు శత్రువనుట సులభము. అట్లనుట అన్యాయము. ఆమె పొయ్యి వెలుగవలెను, పిల్లలు తినవలెను. నూరేండ్లకు పైగా అడవినుండి దుంగలు పట్టాలమీద తరలిపోయిన లెక్క ముందు ఆమె మోపు ఎంత? ఆమె పొయ్యికి మరియొక ఇంధనము సమకూర్చిన పిమ్మటనే చెట్టు కొట్టవద్దని చెప్పుటకు ఎవరికైనను నోరు వచ్చును. మాండవ్యుడు పలికిన స్వల్పాపరాధమను మాట ఆమెకు వర్తించును.

అది వర్తించనివారు వేరు. ఈ ప్రాణి ఎంత అరుదో తెలిసియు, అరుదు గావుననే కోరువారు కలరు. 2001 తరువాత దీని అందము లోకమునకు తెలిసినది. దానితోపాటు వెలయును ఏర్పడినది. పరదేశములలో దీనిని గాజుపెట్టెలలో పెంచి, పిల్లలు పెట్టించి, గుత్తి పేరుతోనే అమ్ముచున్నారు. పీసిలోథీరియా జాతులు భారతదేశమునందును శ్రీలంకయందును తప్ప అడవులలో మరెక్కడను లేవు. 2019లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య సమావేశమున, అనుమతిపత్రము లేక వీటిని దేశము దాటించరాదని నిర్ణయించిరి. జ్ఞానము కాపాడుటకును పనికివచ్చును, దోచుటకును పనికివచ్చును. నంద్యాల, గిద్దలూరు పేర్లు గ్రంథములలో ఏనాడో ఎక్కినవి. వాటిని దాచి ఫలము లేదు. అంతకు మించి ఫలానా వాగు, ఫలానా చెట్టు అని గుర్తు చెప్పువాడు ఎంత సదుద్దేశముతో చెప్పినను మాండవ్యుని గడ్డిపోచను మరియొకని చేతికి అందించినవాడగును.

గాజుపెట్టెలలో వంశము నిలిచియున్నది గదా, అడవిలో పోయిననేమి అను వాదము కూడ వినబడును. ఆలయాచారము తెలిసినవారికి దీని బదులు దూరమున లేదు. ఉత్సవమూర్తి వీధులలో ఊరేగును, వాహనములెక్కును, తిరిగి వచ్చును. మూలవిరాట్టు స్థానము విడువదు. ఆ స్థానము లేనినాడు ఊరేగి వచ్చిన మూర్తి ఎక్కడికి తిరిగిరావలెను? సాలెపురుగునకు ఆ స్థానము ముదిచెట్టు తొర్ర. అదియొక్కటియే కాదు, ఆ తొర్రయెదుట ఎగురు పురుగులు, వాటిని పోషించు ఆకులు, ఆకులను తడుపు వాన కూడ.

తొర్ర పడుటకు చెట్టునకు ఎన్నో ఏండ్లు పట్టును. కొమ్మ విరిగి, గాయము కుళ్ళి, లోపల బోలు ఏర్పడవలెను. అట్టి చెట్టు కలపకు పనికిరాదు. అందుచేత వంటచెరకు కావలసివచ్చినపుడు మొదట గొడ్డలి పడునది దానిమీదనే. చెట్లు తరిగినకొలది మిగిలిన తొర్రలలోనే ఈ సాలెపురుగులు పెద్దవియు చిన్నవియు కలిసి ఇరుకున తలదాచుకొనునని పరిశీలకులు చెప్పుదురు. ప్రొద్దు క్రుంకిన తరువాత అవి ఒకదాని వెనుక ఒకటి వాకిటికి వచ్చి, గాలిలో రెక్కల సవ్వడికై కదలక వేచియుండును.